దీర్ఘం లేని తండ్రి

తెల్లవారేలోగా కావాల్సిన పనులు ఇవి. అటక మీది సన్నచాప దించి దులపాలి. పొయ్యికట్టెలు ఒక మోపు కట్టాలి. కాల్చినా పగలని నల్లరాళ్ళు ఇరవై ఏరాలి. అరిటాకులు కోయాలి. నాన్న తెల్లచొక్కాకు ఊడిన గుండీ కుట్టాలి. పందులకు కొబ్బరి వేయాలి. ఇవాళ నేను రానని బడికి కబురు పంపాలి. ఎనిమిదోది మేనత్త మాసినా పెట్టిన పని: నేను నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవాలి.

మొదటి ఏడూ చేశాను.

కిందటి వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను, మిగిలినవాళ్ళు ఓర్చుకోవాలి. మా బడి ఏడో తరగతి పిల్లల కోసం మా ఊరి చరిత్ర ఒక పాఠంగా రాశాను. రాజధాని ఆపియాలో అచ్చయి నలభై మూడు పుస్తకాలు పడవలో వచ్చాయి. డెబ్బై అయిదేళ్ళ కిందట, జ్వరాల ఓడ వచ్చిన నెలలో, మా దీవుల్లో అయిదుగురిలో ఒకరు పోయారు. ముందు పోయింది పెద్దవాళ్ళు. ఎవరు ఎవరి బిడ్డో, ఏ నేల ఎవరిదో వాళ్ళ నోళ్ళలోనే ఉండేది. అది వాళ్ళతో మట్టిలో కలిసిపోకుండా, పాస్టరుగారి బడిలో చదివే పన్నెండేళ్ళ పిల్ల ఒకతె చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్తుంటే ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. పద్నాలుగు రోజులు రాసింది. ఆ పుస్తకం ఇదివరకటి పాస్టరుగారి విధవరాలు సియేనమ్మ పెట్టె అడుగున నాకు దొరికింది. దాన్ని చూసే పాఠం రాశాను. అందులో ఒక వాక్యం ఉంది: "ఫోలాసా, సినైవా తమ."

ఇక్కడే వచ్చింది చిక్కు. మా భాషలో తమ అంటే ఆడదాని బిడ్డ. చివర సాగదీసి తమా అంటే తండ్రి. మాకు రాత నేర్పిన మిషనరీలు దీర్ఘాల జోలికి పోలేదు. చదివేవాడే సందర్భం చూసుకుని సాగదీసుకునేవాడు. ఇప్పుడు బడిపుస్తకాల్లో అలా కుదరదు. దీర్ఘం ఉన్నచోట అక్షరం నెత్తిన గీత ఉండాలి. లేదంటే అక్కడ దీర్ఘం లేదనే. ఇన్నేళ్ళూ ఊరు ఆ మాటను సాగదీసే పలికింది. ఫోలాసా సినైవాకు తండ్రి, ఊరు కట్టిన మూలపురుషుడు. నా పాఠంలో గీత లేదు. అంటే ఫోలాసా, పడవలో ఒంటరిగా కొట్టుకొచ్చిన సినైవా అనే ఆమె కన్న బిడ్డ. తండ్రి పేరు లేదు.

ఆ ఫోలాసా వంశంవాడే తౌలాపా. పెద్దల సభలో నడిమి స్తంభానికి ఆనుకుని కూర్చునేది ఆయన. మా నాన్న సోలియై కూర్చునేది చివరి స్తంభం దగ్గర, వాన జల్లు కొట్టేచోట.

తౌలాపా ఇప్పటి పాస్టరుగారి చేత కబురు పెట్టాడు. అది అచ్చుతప్పని ఆదివారం అందరిముందూ నేను ఒక్క మాట చెప్పి, నలభై మూడు పుస్తకాల్లో పెన్నుతో గీత పెడితే చాలు. నేను పెట్టనన్నాను. నాన్న ఆ సాయంత్రం చేమదుంప తింటూ తింటూ, "రేపు ఇఫోంగాకి వెళ్తున్నా" అన్నాడు, చేపలకు వెళ్తున్నా అన్నట్టు.

ఇఫోంగా అంటే తప్పు చేసిన ఇంటి పెద్ద తెల్లవారకముందే వెళ్ళి, అవమానపడ్డ ఇంటి ముందు సన్నచాప నెత్తిన కప్పుకుని కూర్చోవడం. పక్కన కట్టెలు, రాళ్ళు, ఆకులు పెట్టుకుంటారు. మమ్మల్ని కాల్చుకు తినాలనిపిస్తే తినండి, అన్నీ మేమే తెచ్చాం అని. ఇంటివాళ్ళు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఏమవుతుందో మా తరంలో ఎవరూ చూడలేదు.

ఎనిమిదింటికి ఎండ తగిలింది. ఇంట్లో నేనూ అత్తా.

"ఒక గీత, అమ్మా. చీపురుపుల్లంత గీత. పెడితే నీ చెయ్యి అరుగుతుందా?" అంది అత్త, చాపకు పాండనస్ ఆకు చీలుస్తూ.

"అబద్ధం అవుతుంది అత్తా."

"మీ నాన్న నెత్తిన ఎండ నిజం కాదూ? పోయిన నెలలోనే జ్వరంపడి లేచాడు. పోనీ నీ డిగ్రీ కాగితం పంపరాదూ, చాప కింద విసురుకుంటాడు."

నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. కోకో కలిపి తాగకుండా పారబోశాను. చేతులకు ఏదో ఒక పని కావాలి. నోటుపుస్తకం తీశాను.

నాకు చిన్నప్పటినుంచీ ఒక పాడు అలవాటు ఉంది. పరీక్షకు వచ్చే పేజీలే చదువుతాను. మా ఇంట్లో నాకు ముందు చదువుకున్నవాళ్ళు లేరు. ఏది అవసరమో, ఏది కాదో చెప్పేవాళ్ళు లేక, మార్కులు వచ్చేదే అవసరమనుకున్నాను. ఈ నోటుపుస్తకాన్నీ అలాగే చదివాను. ముందున్న వంశావళి పేజీలు నకలు రాసుకున్నాను. వెనక పది పేజీల్లో ఆ పద్నాలుగు రోజుల్లో పోయినవాళ్ళ పేర్లున్నాయి. పాఠానికి పనికిరావని వదిలేశాను.

ఈసారి వెనకనుంచి తెరిచాను.

వారం పేరు, కింద మనుషుల పేర్లు. పేర్లు తెలియనిచోట "ఫైలేలే ఇంట్లో ఇద్దరు", "రేవు దగ్గరి ముసలమ్మ" అని రాసుంది. మొదట్లో గుండ్రంగా ఉన్న అక్షరాలు పోనుపోను కుంటుతున్నాయి. ఒకచోట "సెమిసీ తమా" అని ఉంది, సెమిసీ తండ్రి అని. వేలు ఆగిపోయింది. చివరి అక్షరం నెత్తిన గీత ఉంది. మరకేమో అని గోటితో గీకాను. మరక కాదు. పేజీ తిప్పాను. "లాగీ తమా." గీత. ఇంకోటి. గీత. పది పేజీల్లో ఆ మాట అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ గీతతోనే. కుడివైపు కొస కిందికి వంచి, చిన్న గాలంలా. పుస్తకం మొత్తంలో ఇంకే మాట మీదా గీత లేదు. ఎవరూ నేర్పని గీతను ఆ పిల్ల ఆ ఒక్క మాట కోసమే పుట్టించుకుంది.

అయిదోది ఇలా ఉంది: "గురువారం. నా తమా. పొద్దున." ఆ గీతను రెండుసార్లు దిద్దింది. సిరా వెనక పేజీకి దిగిపోయింది.

తండ్రి చచ్చిపోయిన పొద్దున కూర్చుని, తర్వాత చదివేవాడెవడూ ఆయన్ని చిన్నపిల్లాడనుకోకూడదని గీత దిద్దిన పిల్ల అది. గీత ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు. ఫోలాసా మీద పెట్టలేదంటే మరిచిపోయి కాదు.

"ఎక్కడికే?" అని అత్త అరుస్తోంది. ఎనిమిదో పని నావల్ల కాలేదు.

తౌలాపా ఇంటి కొబ్బరాకు తెరలన్నీ దించి ఉన్నాయి. ముందున్న పచ్చికలో చాప, దాని కింద నాన్న. దూరానికి ఎవరో ఆరేసి మరిచిపోయినట్టుంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నారు. నేను వెళ్ళి చాప పక్కన కూర్చున్నాను.

"నాన్నా, నేను."

"రావద్దన్నానుగా."

"నీళ్ళు తెచ్చాను."

"చాప కింద ఉన్నవాడు తాగకూడదు. టైమెంతైంది?"

"తొమ్మిది దాటింది."

"అయితే నాలుగు గంటలు. వీపు దురదగా ఉందే అమ్మాయ్. ఓసారి గోకు... వద్దులే, చూస్తారు."

"నాన్నా, నేను రాసింది నిజమే. రుజువు దొరికింది."

"నిజం కాదని నేనెప్పుడన్నాను?"

"మరెందుకు కూర్చున్నావు?"

"ఆయన ముత్తాతల గురించి రాసేముందు ఆయన గడప దగ్గర ఒక్కసారి కూర్చుని, 'ఇలా రాస్తున్నానయ్యా' అన్నావా? ఆపియాలో అచ్చుయంత్రానికి చెప్పావు. ఆయనకు చెప్పలేదు. ఆయన మనవరాలు పాఠం గట్టిగా చదువుతుంటే విన్నాడు, గడ్డం గీసుకుంటూ. చెంప కోసుకున్నాడట. నేను కూర్చుంది దానికి. మాట నీది, దాని సంగతి నువ్వు చూసుకో. నువ్వు తొక్కని గడప ఉంది చూడు, అది మాత్రం నాది. నిన్ను పెంచింది నేను."

కాలేజీలో మూడేళ్ళు చరిత్ర చదివాను. ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. నా మొహం కాలిపోయింది, ఎండకు కాదు.

తెర ఒకటి లేచింది. తౌలాపా బయటికొచ్చి అరుగు మీద నిలబడ్డాడు. భారీ మనిషి, అరవై దాటాయి, భుజాన పెద్దరికం గుర్తుగా పీచు విసనకర్ర. చెంప మీద ఎండిన గాటు.

"పంతులమ్మ వచ్చిందే! పెన్ను తెచ్చావా?"

"లేదయ్యా. నోటుపుస్తకం తెచ్చాను."

"పుస్తకాలు చాలా చూశాంలే. నీ బడికి చోటిచ్చిందెవరు?"

"మీరే."

"నీ స్కాలర్‌షిప్పు కాగితం మీద ఊరి తరఫున సంతకం పెట్టిందెవరు?"

"మీరేనయ్యా."

"నువ్వు పడవెక్కిన రోజు ఊరంతా రేవుకొచ్చి పాట పాడింది. మా ఊరి పిల్ల చదువుకుని వస్తుంది, మాకు తెలియనివి చెప్తుంది అనుకున్నాం. వచ్చావు. మాకు తండ్రి లేడని చెప్పావు." ఆయన గొంతు లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది. "అది కూడా ఏడో తరగతి పిల్లలకి. వాళ్ళిప్పుడు నా మనవరాల్ని చూసి పడవపిల్లా, పడవపిల్లా అంటున్నారు."

ఊడుస్తున్న చీపుళ్ళు ఆగాయి.

నేను తల వంచాను. "మిమ్మల్ని అడగకుండా రాశాను. అది నా తప్పు, అచ్చు తప్పు కాదు. దానికి నేనూ ఈ చాప కింద కూర్చుంటాను, మీరు ఎన్ని రోజులంటే అన్ని రోజులు. గీత మాత్రం పెట్టనయ్యా."

"పెట్టకపోతే మీ నాన్న ఇక్కడే ఉంటాడు."

"ఉంటాలే తౌలాపా," అంది చాప. "ఈ వారం నాకు పెద్ద పనులేం లేవు."

ఎవరో నవ్వి వెంటనే దగ్గారు. తౌలాపా నవ్వలేదు. "ఎవరో పసిపిల్ల, జ్వరాల్లో, ముసలాళ్ళ గొణుగుడు విని రాసింది. ఆ రోజుల్లో దీర్ఘాలు ఎవరు పెట్టారు? మా నాన్నా పెట్టలేదు, బైబిల్లోనూ లేవు. లేని గీతను పట్టుకుని ఊరి పునాది తవ్వుతావా?"

"ఆమెకు గీత పెట్టడం తెలుసయ్యా. మీరే చూడండి."

వెనక పేజీ తెరిచి రెండు చేతులతో అందించాను. ఆయన చాలాసేపు తీసుకోలేదు. తర్వాత అరుగు దిగి, జేబులోంచి కళ్ళజోడు తీసి, పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. పెదాలు కదిలాయి. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే. ఆ ఇళ్ళన్నీ ఆయనకు తెలుసు. గురువారం దగ్గర పెదాలు ఆగాయి.

నేను అనుకున్నవన్నీ చెప్పేశాను. అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ గీత ఉంది, ముందు పేజీలో ఫోలాసా మీద లేదు అని. ఆయన వింటున్నట్టు లేదు. బొటనవేలితో ఆ గీత కొసను తడుముతున్నాడు, కిందికి వంగిన చోట.

"ఎవరీమె?"

"పేరొక్కటే ఉందయ్యా. అట్ట లోపల. వైతోవా, పాస్టరు బడి. అంతే. ఆ పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు."

ఆయన మెల్లగా అరుగు అంచున కూర్చున్నాడు. నడిమి స్తంభం మనిషి అలా నేల దగ్గర కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు రాత నేర్పింది మా అమ్మ," అన్నాడు, నాతో కాదు, చాపతో. "ఇసుకలో, పుల్లతో. మిగతా మాటలు ఎలా రాసినా ఊరుకునేది. తండ్రి అనే మాటకి గీత పెట్టకపోతే ఆ పుల్లతోనే వేళ్ళ మీద కొట్టేది. బడికెళ్ళి గీత పెడితే, ఇదేం పిచ్చిరాత అని పంతులు కొట్టేవాడు. ఒక్క మాటకి రెండుచోట్లా తన్నులు తిన్నాను సోలియై."

"మీ అమ్మ లోసమ్మా?" అన్నాడు నాన్న.

"లోసా బాప్తిజం పేరు. జ్వరాల తర్వాత ఎవరూ మిగలక, పాస్టరుగారే చేరదీసి పెట్టిన పేరు. అంతకుముందు పేరు ఏంటమ్మా అంటే, ఆ పిల్ల ఆ నెలలోనే పోయిందిరా అనేది." కళ్ళజోడు తీశాడు. "గీత మాత్రం ఇదే. ఇలాగే, గాలంలా వంచి."

గట్టున అలలు విరుగుతున్న చప్పుడు వినిపించింది. పొద్దుటినుంచీ ఉన్నదే, నాకు అప్పుడే వినబడింది.

"రోజూ సాయంత్రం ప్రార్థనయ్యాక మా నాన్న వంశం చదివేవాడు," అన్నాడు తౌలాపా. "ఫోలాసా, సినైవా తమా, అని బాగా సాగదీసి. అక్కడికి రాగానే అమ్మ దగ్గేది. రోజూ. నలభై ఏళ్ళు. పొగాకు మానమ్మా అని నేను పోట్లాడేవాణ్ణి."

ఆయన లేచాడు. చాప వైపు ఒక అడుగు వేశాడు. చెయ్యి కూడా చాచాడు. అంతలో ఆ చెయ్యి వెనక్కి పోయింది. నోటుపుస్తకాన్ని రొమ్ముకు అదుముకుని, చరచరా ఇంట్లోకి వెళ్ళి తెర దించేశాడు.

"ఏమైంది?" అంది చాప.

"పుస్తకం తీసుకుని లోపలికెళ్ళాడు."

"ఇచ్చేశావా?"

"చదువుతాడని..."

"నకలుందిగా?"

"ముందు పేజీలకే ఉంది నాన్నా. అదీ నా చేతిరాత. వెనక పేజీలు..." అత్త చెప్పిన పని చేసుంటే ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉండేది. గీత ఉందని ఊరికి చూపించడానికి ఈ లోకంలో ఉన్నవి ఆ పది పేజీలే. అవిప్పుడు, అవి లేకపోతే మేలు కలిగే ఒకే ఒక్క మనిషి చేతుల్లో ఉన్నాయి. ఆ మనిషి వాటిని రాసిన పిల్ల కొడుకు.

చాప అంచు ఒక జానెడు లేచింది.

"లోపలికి రా. ఎండ ముదిరింది."

చాప కింద పాత ఆకు వాసన, నాన్న చెమట వాసన. ఆయన చెయ్యి నా వీపు మీద పడింది. జ్వరం వచ్చినట్టు కాలుతోంది. అల్లిక సందుల్లోంచి బయట అంతా చిన్న చిన్న గళ్ళుగా కనిపిస్తోంది. పచ్చిక, అరుగు, దించిన తెరలు. లోపల ఎవరో ఎవరితోనో గట్టిగా అంటున్నారు. ఆడగొంతు వద్దు వద్దు అంది. ఆయన గొంతు ఒక్క మాట అంది. మాట తెలియలేదు.

అప్పుడు ఇంటి వెనక, వంటపాక వైపు, పొగ లేచింది.

"వాసనేంటి?" అన్నాడు నాన్న.

గాలి మా వైపు లేదు. క్షమించిన ఇల్లు వచ్చినవాళ్ళకు భోజనం పెట్టకుండా పంపదు. వంటకు రాళ్ళు కాలిస్తే పొగ ఇలాగే లేస్తుంది, ముందు సన్నగా, తర్వాత తెల్లగా. పాత కాగితం కాలినా ముందు సన్నగానే లేస్తుంది. నేను ఆ గళ్ళలోంచి కళ్ళార్పకుండా చూస్తున్నాను. పొగ ఇంకా తెల్లబడలేదు.

చదువుతున్నవారికి ఒక మనవి. ఆ పొగ ఏమిటో తేలేదాకా, తేలాక కూడా, ఒకరిని గుర్తుపెట్టుకోండి. ఆమె పేరు వైతోవా. పన్నెండేళ్ళు. ఊరు చచ్చిపోతుంటే ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు రోజులు రాసింది, గురువారం పొద్దున తన తండ్రి నెత్తిన గీతను రెండుసార్లు దిద్దింది. ఆ పేజీలు లేకుండాపోతే, ఆమె ఆ పేరుతో ఉండటానికి మీ దగ్గర తప్ప వేరే చోటు లేదు.